రాజ్–కోటి: ఒక జంటపేరు చరిత్ర



ఇద్దరన్నదమ్ములు కలిసి దున్నిన చేనిలో ఏ చాలు ఎవనిదో పంటను జూచి చెప్పగలవాడు లేడు. పాట విషయమును ఇంతియే. ఇద్దరు కలిసి కట్టిన బాణీలో ఏ స్వరము ఎవరిదో వినువానికి దెలియదు. నేటి ప్రసంగమున నేను మీకు విన్నవింపదలచినది అట్టి యొక జంట చరిత్ర. ఆ జంటపేరు రాజ్–కోటి. తెలుగు చలనచిత్రములకు 1983 మొదలుకొని పదేండ్లకు పైగా ఒక్క పేరుతో సంగీతము సమకూర్చి, ఆ పేరు మిక్కిలి వెలుగుచున్న కాలముననే విడిపోయిన ఇద్దరు మిత్రుల కథ యిది.

“సినిమావారి సంగతి పెద్దవారమైన మాకేల?” యని మీలో కొందరు అనవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని మీరు ఊరిపెద్దలు. ఏటేట ఎన్నియో పంపకములు మీ యెదుట జరుగును. పొలము పంచుదురు, ఇల్లు పంచుదురు, గొడ్డుగోదను పంచుదురు. బావి వంతులను, బాట హక్కును నిర్ణయింతురు. అయితే ఇద్దరు కలిసి సంపాదించిన పేరును పంచవలసి వచ్చినప్పుడు చేయవలసిన దేమి? అది గొలుసుతో కొలుచునది కాదు, కాటాపై తూచునది కాదు. ఈ ప్రశ్నకు రాజ్–కోటి చరిత్రలో కొంత సమాధానము దొరకునని నా నమ్మకము.

నేను దామరచర్ల ప్రాంతమువాడను. 1990 ప్రాంతమున మా బాటపై ధాన్యపు బస్తాలతో మిర్యాలగూడ రైసుమిల్లులకు బోవు ట్రాక్టర్లలో టేపురికార్డర్లు మ్రోగుచుండెడివి. పెండ్లి ఊరేగింపులలో బ్యాండుమేళమువారు సన్నాయి బాణీలను విడిచి సినిమా పాటలనే వాయించుచుండిరి. ఆ పాటలలో ఎన్నియో ఈ జంట కట్టినవే. క్యాసెట్టు అట్టపై “సంగీతము: రాజ్–కోటి” యని యుండెడిది. అది ఒక్క మనిషి పేరనియే తలచినవారును మాలో లేకపోలేదు. ఇద్దరు పనివాండ్రకు ఇంతకు మించిన మెప్పు వేరొకటి యుండునా?

తెలుగువారికి జంట యనునది క్రొత్త కాదు. పదునైదవ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగయ యను ఇద్దరు కలిసి ప్రబోధచంద్రోదయము, వరాహపురాణము రచించి మనకు తొలి జంటకవులైరి. పిమ్మట దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తిరుపతి వేంకట కవులుగా ఆంధ్రదేశమంతయు తిరిగి అవధానములు చేసిరి. 1920లో తిరుపతిశాస్త్రి గతించెను. వేంకటశాస్త్రి 1950 వరకు జీవించెను. మిత్రుడు పోయిన తరువాతను ఆయన తాను వ్రాసినదానిని ఇద్దరి పేరనే ప్రకటించుచు వచ్చెను. చనిపోయినవాని వాటాను బ్రతికియున్నవాడు ముప్పదియేండ్లు కాపాడెనన్నమాట. హిందీ చిత్రసీమలోను ఇట్టిదే జరిగినది. శంకర్–జైకిషన్ జంటలో 1971లో జైకిషన్ మరణింపగా, శంకర్ ఆ జంటపేరుతోనే పని సాగించెను. అరవదేశమున విశ్వనాథన్–రామమూర్తి యను జంట 1965లో విడిపోయి, మరల ముప్పదియేండ్లకు, 1995లో, ఒక చిత్రముకొరకు చేయి కలిపినది.

శాస్త్రీయ సంగీతమున అన్నదమ్ములు కలిసి పాడుట మనకు నేటికిని గలదు. దరూరి రాఘవాచారి, శేషాచారి హైదరాబాదు సోదరులుగా ప్రసిద్ధులైరి. విజయవాడకు చెందిన శ్రీరామప్రసాదు, రవికుమారు మల్లాది సోదరులుగా వినుతికెక్కిరి. సముద్రములకు ఆవల స్కాట్లండు దేశమున క్రెయిగ్ రీడ్, చార్లీ రీడ్ యను కవలలు గలరు. 1962లో ఒకే దినమున లీత్ అను ఓడరేవు పట్టణమున పుట్టిన యీ సోదరులు ‘ప్రొక్లెయిమర్స్’ అను పేరుతో పాడుదురు. ప్రియురాలి వాకిలి చేరుటకు ఐదువందల మైళ్లు నడచెదనను వారి పాట 1988లో వెలువడి లోకమంతట మారుమ్రోగినది. వారి విశేషమేమనగా తమ ఊరి యాసను దాచుకొనక, ఆ యాసతోనే పాడిరి. ఇంటిలో మాటాడునట్లే పాడుటవలన ఆ పాటకు బలము వచ్చినదని విమర్శకులందురు. మన జిల్లా మాటతీరును పట్టణమున దాచుకొను మన పిల్లలకు ఈ సంగతి చెప్పదగినది.

ఇక మన జంట సంగతి. రాజ్, కోటి కవలలు కారు, అన్నదమ్ములును కారు. అయినను వారి పుట్టుపూర్వములు కవలల జాతకములవలె సరిపోయినవి. ఇద్దరి తండ్రులును తెలుగు చిత్రసంగీతమున మహానుభావులు.

కోటి తండ్రి సాలూరి రాజేశ్వరరావు. ఆయన 1922లో సాలూరు సమీపమున శివరామపురమున జన్మించెను. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున బాలకృష్ణుడుగా నటించి పాడినప్పుడు ఆయనకు పదుమూడేండ్లు. పిమ్మట గ్రామఫోను రికార్డులకు లలితగీతములు పాడెను. 1951లో ‘మల్లీశ్వరి’, 1955లో ‘మిస్సమ్మ’ చిత్రములకు ఆయన కూర్చిన సంగీతము మీలో పెక్కుమందికి కంఠస్థమే గదా. ఆయన 1999లో దివంగతుడయ్యెను.

రాజ్ తండ్రి తోటకూర వెంకటరాజు, మనమెరిగిన టి. వి. రాజు. ఆయన 1921లో గోదావరిసీమలో జన్మించెను. 1955లో ‘జయసింహ’, 1957లో ‘పాండురంగ మహాత్మ్యము’, 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయము’ ఆయనవే. 1967లో వచ్చిన ‘ఉమ్మడి కుటుంబము’ చిత్రమునకును ఆయనయే సంగీతము సమకూర్చెను. ఉమ్మడి కాపురపు కష్టసుఖములను చూపిన ఆ చిత్రమునకు స్వరములు కట్టినవాని కుమారుడు తరువాత తన వృత్తిలో ఒక ఉమ్మడి కాపురము పెట్టుటయు, అది వేరుపడుటయు, వింతయైన సంగతి. టి. వి. రాజు 1973లో మరణించెను. అప్పటికి 1954లో పుట్టిన రాజ్‌కు ఇరువదియేండ్లు నిండలేదు.

రాజ్ అసలుపేరు తోటకూర సోమరాజు. కోటి అసలుపేరు సాలూరి కోటేశ్వరరావు. కోటి 1957లో పుట్టినవాడు. అనగా ఇద్దరికిని మూడేండ్ల యంతరము. ఇద్దరును మద్రాసులో పాటల నడుమ పెరిగినవారు. చిన్ననాటనే తబలా దరువులు, హార్మోనియపు మెట్లు, వాద్యకారుల రాకపోకలు చూచినవారు. అట్టి పిల్లలకు విద్య సులభముగా అబ్బునని లోకులు తలంతురు. నిజమునకు వారి బాధ వేరు. గొప్పవాని కొడుకు చేసిన ప్రతి పనిని తండ్రి చేసినదానితో తూచుదురు. మోతుబరి రైతు కొడుకు పుట్టికి ఒక కుంచము తక్కువ పండించినను ఊరు నవ్వును. నిరుపేద కొడుకు అంత పండించిన మెచ్చుకొనును. ఈ బరువును ఒంటరిగా మోయుటకంటె ఇద్దరు కలిసి మోయుట తేలిక. ఆ ఇద్దరి స్నేహమునకు ఇదియు నొక కారణమై యుండవచ్చునని నాకు దోచుచున్నది.

ఆ కాలమున తెలుగు చిత్రసంగీతమున చక్రవర్తి యేలుచుండెను. పేరునకు తగినట్లే ఏటేట లెక్కకు మిక్కిలి చిత్రములు ఆయన చేతిమీదుగా వెలువడుచుండెను. కోటి ఆయనకు సహాయకుడుగా పనిచేసెను. పెద్ద సేద్యగాని చేతిక్రింద పనిచేసినవానికి తొందరపని ఎట్లుండునో తెలియును. అట్లే ఆయనకును పని వేగము అలవడెను. 1983లో ‘ప్రళయగర్జన’ అను చిత్రమునకు మొదటిసారి రాజ్, కోటి ఇద్దరి పేర్లును కలిసి తెరపై కనబడినవి.

సినిమా పాట ఎట్లు తయారగునో ఇచట కొంచెము చెప్పవలెను. దర్శకుడు కథలోని సందర్భమును వివరించును. సంగీతకర్త హార్మోనియముమీద ఒక వరుస కట్టును. కవి ఆ వరుసకు మాటలు పొదుగును. పిమ్మట ఏ చోట వయొలిను పలుకవలె, ఏ చోట వేణువు పలుకవలె, దరువు ఎచట మారవలె అను విషయములు నిర్ణయింపబడును. ఆ పిదప గాయకులు పాడుదురు. పూర్వము గాయకులు, వాద్యకారులు అందరును ఒక్కచోట కూర్చుండి ఒక్క ఊపున పాటను పూర్తిచేయవలసి యుండెడిది. ఒకడు తప్పిన అందరును మరల మొదలుపెట్టవలసినదే. తరువాత ఒక్కొక్క వాద్యమును వేరువేరుగా రికార్డుచేసి కలుపు పద్ధతి వచ్చినది. పని పెరిగినకొలది ఇద్దరు సంగీతకర్తలుండుట మేలైనది. ఒకరు కవితో కూర్చుండగా ఒకరు వాద్యకారులతో నుండవచ్చును. ఒకరికి తోచనిది మరియొకరికి తోచును. ఒకరు తొందరపడిన వేరొకరు ఆపుదురు. కాడికి రెండెడ్లు గట్టుట ఇందులకే గదా.

అంతేకాదు, 1980 దశకమున వాద్యములలోనే పెద్దమార్పు కలిగినది. సింథసైజరు, రిథమ్ మెషీను అను విద్యుత్ వాద్యములు మద్రాసు స్టూడియోలకు వచ్చినవి. పదిమంది చేయు దరువును ఒక్క యంత్రము చేయుట మొదలైనది. రాజ్–కోటి ఈ మార్పునకు వెనుదీయలేదు. వారియొద్ద కీబోర్డు వాయించుటకు దిలీప్‌కుమార్ అను పడుచువాడొకడు కుదిరెను. అతడే తరువాత 1992లో ‘రోజా’ చిత్రముతో దేశమంతట పేరు మ్రోగిన ఏ. ఆర్. రహమాన్. మంచి కమతమున పనిచేసిన పాలేరు పిదప తానే గొప్ప కమతము పెట్టినట్లు, ఈ జంటయొద్ద చేయి తిరిగినవారు ఇట్లు ప్రసిద్ధులైరి.

1988లో ‘యముడికి మొగుడు’ చిత్రముతో ఈ జంటకు ఎదురులేకపోయినది. అందులో ఒక పాట హిందోళ రాగముపేరు చెప్పుచునే మొదలగును. అయినను దాని దరువు కచేరీది కాదు, నాట్యమునకు తగినది. ఆ చిత్రమున నటించిన చిరంజీవి నాట్యమునకు పేరుపొందినవాడు. అట్టి నటునికి పాట కట్టువాడు చెవిని మాత్రమే తలచిన చాలదు, కాళ్లను గూడ తలచవలెను. అడుగు ఎచట పడవలెనో, ఎచట ఆగి మరల లేవవలెనో ఆ వరుసలోనే యుండవలెను. ఈ విద్యలో రాజ్–కోటి ఆరితేరిరి. అదే యేట ‘ఖైదీ నెంబరు 786’, 1989లో ‘లంకేశ్వరుడు’, 1990లో ‘కొదమసింహము’, ‘కర్తవ్యము’, 1993లో ‘ముఠామేస్త్రి’, ‘బావ బావమరిది’ చిత్రములు వచ్చినవి. నూటికి మించిన చిత్రములకు వారు పనిచేసిరి. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము, చిత్ర మొదలైన గాయకులును, వేటూరి, సిరివెన్నెల మొదలైన కవులును వారి వరుసలకు ప్రాణము పోసిరి.

ఇచట పెద్దలు చెప్పు ఆక్షేపణను ప్రస్తావింపక పోరాదు. “ఆ పాటలలో చప్పుడు హెచ్చు, సంగీతము తక్కువ. పిల్లలు చెడుచున్నారు. తండ్రుల పాటలకును కొడుకుల పాటలకును పోలికయే లేదు” అని పెక్కురు అన్నారు. అందులో కొంత సత్యమున్నది. ఏడాదికి పది, పదునైదు చిత్రములకు పాటలు కట్టువాడు ప్రతి పాటను మల్లీశ్వరివలె చేయలేడు. కొన్ని పాటలలోని మాటలు కుటుంబముతో వినదగినవి కావు. ఇది నేను కాదనను.

కాని దరువును గూర్చి మాత్రము మనము నిందింపరాదని నా మనవి. దరువు మనకు పైనుండి వచ్చినది కాదు. మా మండలపు తండాలలో లంబాడీ పడుచులు తీజ్ పండుగనాడు తొమ్మిదిదినములు బుట్టలలో మొలకలను పెంచి, వాటిచుట్టు వలయముగా ఆడుదురు. మన యింటి ఆడబిడ్డలు బతుకమ్మచుట్టు చప్పట్లతోనే తాళము తప్పక తిరుగుదురు. పీరుల పండుగనాడు అగ్నిగుండముచుట్టు హిందువులు ముసల్మానులు కలిసి అడుగు వేయుదురు. డప్పు మ్రోగిన నడువలేని ముసలివానికిని కాలు కదలును. ఇంత దరువు గల దేశమున సినిమా పాటలో దరువున్నదని ఆశ్చర్యపడ నేల? ఆ యంత్రపు చప్పుడులోను రాజ్–కోటి మెలోడీని, అనగా పాడుకొనదగిన తీయని వరుసను, విడువలేదు. 1994లో వచ్చిన ‘గోవిందా గోవిందా’ చిత్రపు పాటలు వినినవారు ఈ మాటను అంగీకరింతురు. తండ్రుల నుండి వచ్చిన ఆస్తిని వారు అమ్ముకొనలేదు. ఆ పొలములోనే క్రొత్త పైరు వేసిరి.

అదే 1994లో ‘హలో బ్రదర్’ అను చిత్రము విడుదలయ్యెను. ఇ. వి. వి. సత్యనారాయణ దర్శకుడు; నాగార్జున రెండు పాత్రలు ధరించెను. ఆ కథ కవల సోదరులది. పుట్టినప్పుడే విడిపోయి, ఎచటనో వేరువేరుగా పెరిగిన యిద్దరు. ఒకనికి దెబ్బ తగిలిన మరియొకనికి నొప్పి పుట్టును. ఒకడు కదలిన వేరొకడు కదలును. చూచువారికి నవ్వు పుట్టించు కథ యది. ఈ చిత్రపు సంగీతమునకే రాజ్–కోటికి రాష్ట్రప్రభుత్వము ఉత్తమ సంగీతదర్శకులుగా నంది పురస్కారమిచ్చినది. ఒక్క పురస్కారము, ఇద్దరు మనుష్యులు. విడిపోయిన కవలలు కలిసికొను కథకు కట్టిన పాటలకు ఆ గౌరవము వచ్చిన కొలదికాలమునకే ఆ పాటలు కట్టినవారు విడిపోయిరి.

ఏల విడిపోయిరి? లోకులు పలువిధములుగా జెప్పుకొనిరి. ఇంటిగుట్టును వీథిలో విప్పుట పెద్దల లక్షణము కాదు గనుక నేను ఆ జోలికి పోను. మీ యెదుటకు వచ్చిన పంపకములను తలచికొనుడు. అన్నదమ్ములు వేరుపడుటకు కారణము ఎప్పుడును వారు చెప్పినది కాదు. గట్టు తగవని యొకడనును, గొడ్ల మేతయని యొకడనును. లోపల ఏండ్లుగా పేరుకొనిన చిన్న చిన్న మాటలుండును. పేదరికమున కలిసియున్నవారు కలిమిలో విడిపోవుట మనము చూచుచునే యున్నాము. కష్టములో ఒకరికొకరు కావలెను; సుఖములో ‘ఇది ఎవరివలన?’ అను ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్న పుట్టిననాడే గోడకు పునాది పడును.

విడిపోయిన పిమ్మట ఇద్దరును ఊరకుండలేదు. 1995లో రాజ్ ఒంటరిగా ‘సిసింద్రీ’ చిత్రమునకు సంగీతము సమకూర్చెను. ఆ పాటలు ఇంటింట మ్రోగినవి. అదే యేట కోటి ఒంటరిగా ‘పెదరాయుడు’ చిత్రమునకు సంగీతమిచ్చెను. ఆ చిత్రము మీవంటి పెద్దలను గూర్చినదే. రచ్చబండపై తీర్పులు చెప్పు కుటుంబము కథ యది. తన తోడబుట్టినవానిపై నింద వచ్చినప్పుడు, రక్తసంబంధమును పాటింపక, ఆ యన్న తమ్ముని ఊరినుండి వెలివేయును. పిదప సత్యము తెలియును. తీర్పు చెప్పువాని కడుపుకోత ఎట్టిదో ఆ చిత్రము చూచిన ప్రతి గ్రామపెద్దకు తెలియును. సహచరుని విడిచి వచ్చిన క్రొత్తలో ఆ కథకు పాటలు కట్టవలసి వచ్చుట కోటికి కాకతాళీయముగా సంభవించినది.

తరువాతి చరిత్రలో ఇద్దరి త్రోవలు సమముగా సాగలేదు. కోటి ఎడతెగక పనిచేసెను. 1997లో ‘హిట్లర్’, 2000లో ‘నువ్వే కావాలి’, 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’, 2009లో ‘అరుంధతి’ ఆయనవే. ఆయన కుమారుడు రోషన్ సాలూరియు సంగీతదర్శకుడై, ఆ యింట మూడవతరమున స్వరవిద్యను నిలిపెను. రాజ్ కొలది చిత్రములకే సంగీతమిచ్చి క్రమముగా వెనుకకు తగ్గెను. 2023 మే 21వ తేదీన హైదరాబాదులో గుండెపోటుతో ఆయన మరణించెను. అప్పటికి ఆయనకు అరువదియెనిమిదేండ్లు.

ఇద్దరి త్రోవలలో హెచ్చుతగ్గులున్నవి గనుక కొందరు తొందరపడి తీర్పు చెప్పుదురు. “చూచితిరా, ఎక్కువ చిత్రములు చేసినవానిదే ఆ విద్య యంతయు. రెండవవాడు ఊరక పేరు పంచుకొన్నాడు” అందురు. ఇది మిక్కిలి అన్యాయమైన మాట. కాడిలోని ఎద్దును విప్పి ఒంటరిగా బండికి కట్టి, అది నడవకున్న, “ఇది ఎన్నడును దున్నలేదు” అనవచ్చునా? కొన్ని మనస్సులు తోడున్నప్పుడే పనిచేయును. వానికి కావలసినది ఒక మాట అనువాడు, ఒక మాట వినువాడు. అంతమాత్రమున తోడుగా చేసిన పనిలో అతని పాలు తక్కువ యనరాదు.

ఈ విషయమున చట్టముగూడ పెద్దమనిషి తరహాలోనే మాటాడుచున్నది. 1957 నాటి మన కాపీరైటు చట్టము ‘ఉమ్మడి కర్తృత్వము’ అను మాటకు అర్థము చెప్పుచు, ఇద్దరు లేక అంతకు మించినవారు కలిసి చేసిన కృతిలో ఒకరి పాలు మరియొకరి పాలునుండి వేరుచేసి చూపుటకు వీలులేనప్పుడు అది ఉమ్మడి కృతి యనుచున్నది. అట్టి కృతికి హక్కుల గడువు అందరికంటె చివర మరణించిన కర్త మరణము తరువాత అరువది సంవత్సరముల వరకు సాగును. అనగా బ్రతికియున్న సహచరుని ఆయుష్షు మృతుడైన సహచరుని పాటకును ఆయుష్షగుచున్నది. సినిమా పాటల హక్కులు నిర్మాతలకు చెందుట మొదలైన చిక్కులు వేరుగా గలవు. వానిని ఇచట విప్పను. నేను చెప్పదలచినది ఇంతియే: కోర్టులే వేరుచేయని దానిని ఊరి అరుగుపై మనమేల వేరుచేయవలెను?

మా దామరచర్లకు దగ్గరలో వాడపల్లి యున్నది. అచట మూసీ వచ్చి కృష్ణలో కలియును. అగస్త్యేశ్వరస్వామి దర్శనమునకు వచ్చినవారు ఆ సంగమమును జూతురు. మూసీ హైదరాబాదు మీదుగా వచ్చినది. కృష్ణ మహారాష్ట్రములో పుట్టి వచ్చినది. కలిసినచోట కొంతదూరము రెండు నీళ్ల రంగులును కనబడవచ్చును. దిగువకు పోయి ఒక కడవ ముంచినవాడు, “ఇందులో మూసీ యెంత?” అని యడుగడు. మనుష్యులకును నదులకును ఒక భేదమున్నది. నదులు కలిసిన మరల విడిపోవు. మనుష్యులు విడిపోవుదురు. విడిపోయినను, అంతకుముందు ముంచిన కడవలోని నీరు మాత్రము ఇద్దరిదే.

అందుచేత పెద్దలకు నేను మూడు మనవులు చేయుదును. మన యూళ్లలోను జంటలున్నవి. బ్యాండుమేళములున్నవి, బుర్రకథ దళములున్నవి, ఒగ్గుకథ బృందములున్నవి, కలిసి పెట్టిన దుకాణములున్నవి. వారు విడిపోవు దినము వచ్చిన మీ యొద్దకే వత్తురు.

మొదటిది: పేరును గూర్చి ముందుగనే నిర్ణయింపుడు. రాగిచెంబుల లెక్కకు కాగితము వ్రాయుదురుగాని మేళముపేరు ఎవరిదను దానికి వ్రాయరు. ఆ పేరుమీదనే బయానాలు వచ్చునని మరచెదరు. జంట కట్టిననాడే, విడిపోయిన నాడు ఆ పేరు ఏమి కావలెనో నాలుగు పంక్తులు వ్రాయించుడు. ఇద్దరును తమ సొంతపేర్లతో పోవచ్చును. లేదా ఒకరు ఇంకొకరికి వెల కట్టి యీయవచ్చును. రాజ్, కోటి విడిపోయి ఎవరి పేరుతో వారు పనిచేసిరి. పాత పాటలపై జంటపేరే నిలిచినది. ఇది గౌరవమైన పద్ధతి.

రెండవది: ఊరిని రెండుగా చీలనీయకుడు. ఇద్దరు కళాకారులు విడిపోయిన, వినువారు ‘నేను వీనివాడను, నేను వానివాడను’ అని పక్షములు కట్టుదురు. దీనివలన గాయము మానదు. విడిపోయినవారు మరల మాటాడుకొనదలచినను, వారి పక్షములవారు మాటాడనీయరు.

మూడవది: కలిసికొనుటకు త్రోవ మూయకుడు. పొలములో గట్టు వేసినను గట్టుపై నడుచుటకు బాట విడుతుము గదా. విశ్వనాథన్–రామమూర్తి ముప్పదియేండ్లకైనను ఒక చిత్రమునకు కలిసి పనిచేయగలిగిరి. మరణము వచ్చిన తరువాత ఆ వీలు లేదు. రాజ్ మరణవార్త వినినప్పుడు కోటి తన దుఃఖమును దాచుకొనలేదు. ఏండ్లు గడచినను లోపలి తీగ తెగలేదని ఆ దుఃఖమే చెప్పినది. మీ యూరిలో మాటాడుకొనని అన్నదమ్ములుండిన, ఒకని పాడె లేచువరకు ఆగక, ఏ పండుగకో పబ్బమునకో ఇద్దరిని ఒక విస్తరివరుసలో కూర్చుండబెట్టుడు. ఆ పని ప్రభుత్వము చేయలేదు, కోర్టు చేయలేదు, మీరే చేయగలరు.

ఇకమీదట ఏ పెండ్లిలోనైనను ఆ కాలపు పాట మ్రోగిన, మీ మనుమలు “తాతా, ఇది ఎవరి పాట?” అని అడుగవచ్చును. అప్పుడు ఇద్దరి పేర్లును చెప్పుడు: తోటకూర సోమరాజు, సాలూరి కోటేశ్వరరావు. వారి తండ్రుల పేర్లును చెప్పుడు. వరుస యెవరిది, దరువెవరిది అని పిల్లవాడు మరల అడిగిన, వాడపల్లికి తీసికొనిపోయి ఆ సంగమమును చూపుడు.